కమలక్క ఒడిబియ్యం

కమలకుమారి తెలివితక్కువ మనిషంటే అమీర్‌పేటలో ఒక్కరు కూడా ఒప్పుకోరు. బుట్ట అడుగున కుళ్ళిన టమాటా ఒక్కటి పెడితే చాలు, బండివాణ్ణి సందు చివరిదాకా తరిమి మార్పించుకునే రకం ఆవిడ. తన మెస్సులో అన్నం తిని చెయ్యి కడుక్కునే కుర్రాడి మొహం చూసి, ఇవాళ ఇంటర్వ్యూ ఎలా అయిందో చెప్పేసేది. అలాంటి మనిషి ఒక నోటిమాటకు పడిపోయింది. ఎందుకయ్యా అంటే, ఆ మాటన్నది అన్నయ్య కాబట్టి.

అన్నయ్యంటే తోడబుట్టినవాడు కాడు. ఇంటి ఓనరు రాజనర్సయ్య. సత్యం టాకీసు వెనక సందులో ఆయన తండ్రి కట్టిన పాత రాతి ఇల్లు, మూడు పోర్షన్లు. ముందు పోర్షన్‌లో కమలకుమారి మెస్సు, పక్కదాంట్లో సాయిలు టైలరు షాపు, వెనకాల ఓనరు కాపురం. మొగుడు వీరవెంకటసత్యనారాయణ వెంట ద్రాక్షారామం నుంచి వచ్చి ఆవిడ అక్కడ పొయ్యి వెలిగించేనాటికి ఆ సందులో జామచెట్లు ఎక్కువ, బోర్డులు తక్కువ. పదహారేళ్ళు తిరిగేసరికి జావా, ఒరాకిల్, టెస్టింగ్ అంటూ గోడలు కనపడకుండా బోర్డులే! గుంటూరు నుంచీ కరీంనగర్ నుంచీ సంచులు మోసుకుంటూ దిగిన పిల్లలంతా కమలక్క పప్పు, గోంగూర తిని కోర్సులు పూర్తి చేశారు. ఉద్యోగం వచ్చినవాడు స్వీటు డబ్బాతో వచ్చి ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టి పోయేవాడు.

రాజనర్సయ్యకు ఆవిడ చెల్లెలైన సంగతీ చెప్పాలి. ఒక ఏడు ఆయన భార్య సీతాబాయికి టైఫాయిడ్ వచ్చి మంచం పట్టింది. కమలకుమారి నలభై రోజులు పూటపూటకీ క్యారియరు పంపింది, సీతాబాయికి జావ కాచి తనే తాగించింది. ఆ ఏడు రాఖీ పండక్కి రాజనర్సయ్య తనే వచ్చి మెస్సు గుమ్మంలో చెయ్యి చాపాడు. "కట్టు చెల్లె. నాకు సొంత ఆడిబిడ్డ లేదు," అన్నాడు. కమలకుమారికీ అన్నదమ్ములు లేరు. కట్టింది. అప్పట్నుంచి ఏటా కడుతూనే ఉంది.

రెండువేల అయిదులో రాజనర్సయ్య ఇల్లు డెవలప్‌మెంటుకిచ్చాడు. పాతది పడగొట్టి అయిదంతస్తులు లేపుతానన్నాడు బిల్డరు. అన్ని పోర్షన్లూ ఖాళీ అయితేగానీ గడ్డపార వెయ్యనని షరతు. టైలరు సాయిలు కోర్టుకు పోతానని పట్టుబట్టాడు. స్టే గనక వస్తే బిల్డరు ఏళ్ళ తరబడి తల పట్టుకు కూర్చోవాల్సిందే. ఆ భయం బిల్డరుకూ ఉంది, రాజనర్సయ్యకూ ఉంది.

ఒక మధ్యాహ్నం రాజనర్సయ్య మెస్సులో పీట వాల్చుకుని కూర్చున్నాడు. "ఫికర్ చెయ్యకు చెల్లె. బిల్డింగ్ లేసినంక రోడ్డు దిక్కు మొదటి షెటర్ నీదే. పక్కపొంటి చిన్నది సాయిలుకు సుత ఇస్త. పోచమ్మ తోడు. వాడు నా మాట ఇంటలేడు, జర నువ్వే నచ్చజెప్పు," అన్నాడు.

ఆయన వెళ్ళాక సత్యనారాయణ నెమ్మదిగా అన్నాడు, "కమలా, ఆ షాపు షెటరు మాట కాగితం మీద పెట్టించు."

"అన్నయ్య దగ్గర కాగితమా? నోరెలా వచ్చిందండీ మీకు?" అని కసురుకుంది ఆవిడ. పాపం, సత్యనారాయణ మళ్ళీ ఆ మాటెత్తలేదు.

ఆ సాయంత్రమే ఆవిడ సాయిలు మిషను ముందు నిలబడింది. "పూచీ నాది సాయిలూ. నీ షెటరు నీకు రాకపోతే నన్నడుగు," అంది. సాయిలు ఆవిడ మొహం వంక కాసేపు చూశాడు. వకీలు రాసిచ్చిన కాగితాలు మడిచి మిషను సొరుగులో పెట్టేశాడు. "నీ మొకం చూసి ఒప్పుకుంటున్ననక్కా," అన్నాడు.

ఖాళీ చేసే రోజున రాజనర్సయ్య ఇంట్లో పెళ్ళంత సందడి. బస్తీ పెద్దల్ని పిలిచారు. కమలకుమారినీ సత్యనారాయణనీ పీటల మీద కూర్చోబెట్టి పట్టుచీర, పంచెలచాపు పెట్టారు. సీతాబాయి పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు తెచ్చి, ఒడిబియ్యమని కమలకుమారి ఒడిలో అయిదుసార్లు దోసిళ్ళతో పోసింది. "ఒక్క గింజ సుత కింద పడొద్దు కమలా, అరిష్టం. పోయి మీ ఇంట్ల వండుకోని అందరికి పెట్టు," అంది.

గోదావరి వైపు ఒడికట్టు బియ్యం పెళ్ళికూతురికి అప్పగింతలప్పుడు కడతారు. నలభై ఆరేళ్ళ వయసులో తన ఒడి నిండడం ఆవిడ కలలో కూడా అనుకోలేదు. బొటబొటా కన్నీళ్ళు కారిపోయాయి. ఇక నేనీ ఇంటి పిల్లనే అనుకుంది. పెద్దలంతా తలలాడించారు. బిల్డరు మనిషి ఎందుకో మరి, ఫోటోలు కూడా తీసుకున్నాడు.

సీతాబాయి చెప్పినట్టు ఆ బియ్యం వండిందా? వండలేదు! ఎర్రగడ్డ రైతుబజారు దగ్గర అద్దెకు తీసుకున్న రెండు గదుల్లో వండడానికి ఆవిడకు మనసొప్పలేదు. మా ఇల్లంటే ఆ కొత్త షెటరే, మెస్సు తెరిచిన రోజున మొదటి ఎసట్లో ఇవే పోస్తాననుకుంది. స్టీలు డబ్బాలో వేపాకులు వేసి దాచింది. నెలకోసారి చాప మీద ఎండబోసి, పురుగు చూసి, మళ్ళీ డబ్బాలో పోసేది. రెండేళ్ళు!

ఎర్రగడ్డలో మెస్సు సాగలేదు. అమీర్‌పేట పిల్లలు అన్నం కోసం అంతదూరం ఎందుకొస్తారు? పది క్యారియర్లు కట్టి నెట్టుకొచ్చింది. అయినా కొత్త బిల్డింగుకు స్లాబు పడిన ప్రతిసారీ రాజనర్సయ్య ఫోను చేసేవాడు. "చెల్లె, రేపు స్లాబ్. కూలోళ్ళకు నీ చేతి పులిహోర పడాలె." అయిదు స్లాబులకు అయిదుసార్లు ఆవిడ తెల్లవారకముందే లేచి, గంగాళాలు ఆటోలో వేసుకుని వచ్చి, ఇసకలో నిలబడి వడ్డించింది. వడ్డన అయ్యాక రోడ్డు వైపు మొదటి గదిలోకి పోయి, పొయ్యి ఆగ్నేయంలో ఇక్కడ, చేతులు కడిగే తొట్టి అక్కడ అని అడుగులతో కొలుచుకునేది. రాజనర్సయ్య బయట నిలబడి చూస్తూ ఉండేవాడు. ఒక్కసారైనా కాదనలేదు ఆ పెద్దమనిషి.

రెండువేల ఏడు శ్రావణంలో, మెస్సులో తిని ఉద్యోగం తెచ్చుకున్న కేదార్ ఫోను చేశాడు. "ఆంటీ, కంగ్రాట్స్! మీ మెస్ మళ్ళీ పెడుతున్నారంటగా. బోర్డు చూశాను. శుక్రవారం ఓపెనింగ్ అని రాసుంది."

కమలకుమారి ఎగిరి గంతేసింది. "చూశారా, అన్నయ్య నాకు చెప్పకుండా చేస్తున్నాడు," అంది.

"మన మెస్సు మనకు చెప్పకుండానా?" అన్నాడు సత్యనారాయణ.

"మీరు అన్నిట్లోనూ పురుగులే వెతుకుతారు," అని పట్టుచీర కట్టుకుని, బియ్యం డబ్బా ఒళ్ళో పెట్టుకుని శుక్రవారం పొద్దున్నే బస్సెక్కింది.

మొదటి షెటరుకు మామిడాకులు కట్టి ఉన్నాయి. పైన ఎర్రటి బోర్డు, దాని మీద పసుపు అక్షరాలతో, 'కమలక్క గోదావరి మెస్'. ఆవిడ రోడ్డు మధ్యలోనే ఆగిపోయింది. వెనక ఆటోవాడు హారను కొట్టి తిట్టినా వినిపించలేదు. తన పేరు అంత పెద్దగా రాసి ఉండగా ఆవిడ ఎప్పుడూ చూడలేదు. అన్నయ్య చల్లగా ఉండాలి అనుకుంటూ కళ్ళు తుడుచుకుని లోపలికి అడుగుపెట్టింది.

లోపల నలుగురు కొత్త వంటవాళ్ళు. గల్లాపెట్టె దగ్గర రాజనర్సయ్య కొడుకు అనుదీప్, నుదుట కుంకుమ, మెడలో దండ.

"ఆంటీ! రండి రండి. మీకు చెప్పాలనుకుంటనే ఉన్న," అన్నాడు తడబడుతూ. "పిల్లలందరూ మీ పేరే అడుగుతున్నరు. అందుకే బోర్డు మీద పెట్టినం. ఫీల్ కాకండి. కావాలంటే కిచెన్ మీరే చూసుకోండి. నెల జీతం మాట్లాడుకుందాం."

కమలకుమారికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక పక్కనే కుర్చీలో కూర్చున్న రాజనర్సయ్య వైపు తిరిగింది. "అన్నయ్యా, మొదటి షెటరు నాదన్నావు. పోచమ్మ మీద ఒట్టేశావు," అంది.

రాజనర్సయ్య భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. "ఒట్టేసిన చెల్లె, కాదంటలేను. అయితే బస్తీ పెద్దల ముంగట చీర పెట్టి, ఒడిబియ్యం పోసి సాగనంపినం గదా. మా దాంట్ల ఒడిబియ్యం పోసుకున్న ఆడిబిడ్డ తన ఇంటికి పోతది. మళ్ళొచ్చి పుట్టింట్ల జాగ అడగది. ఎవలనన్న అడుగు, లెక్క ఆడికే తెగిపోయింది."

"అంటే ఆ రోజు నన్ను పంపించేశారా?"

గోడకు ఆనుకుని నిలబడ్డ సీతాబాయి తల వంచుకుంది. ఆ వంచిన తల చూడగానే కమలకుమారికి తెలిసిపోయింది, ఈవిడకు ఆ రోజే అంతా తెలుసని. తను కన్నీళ్ళు పెట్టుకున్నప్పుడు, దోసిలి నిండా బియ్యం పట్టుకుని ఎదురుగా ఉన్నది ఈవిడే. నలభై రోజులు తన చేతి జావ తాగిన నోరు, ఒక్క ముక్క ముందు చెప్పి ఉంటే ఏం పోయేది? రాజనర్సయ్య మోసం కన్నా ఆ మౌనమే ఆవిడకు ఎక్కువ తగిలింది.

అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. డబ్బా మూత తీసింది. "వదినా, కొంగు పట్టు," అంది.

సీతాబాయి ఉలిక్కిపడింది. "ఏంది కమలా, గవి ఒడిబియ్యం... ఇంక వండలేదా?"

"ఈ షెటర్లో వండుదామని రెండేళ్ళు దాచాను. పట్టు," అని కమలకుమారి దోసిలి నింపి చాపింది. వేళ్ళ సందుల్లోంచి గింజలు జారబోయాయి. సీతాబాయి ఆలోచించుకోలేదు. ఒక్క గింజ కింద పడకూడదని పుట్టినప్పట్నుంచి విన్న మనిషి, గభాలున కొంగు పరిచింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు దోసిళ్ళు, ఆ రోజు సీతాబాయి పోసినట్టే కమలకుమారి పోసింది. డబ్బాలో మిగిలిన కుడుకలూ ఖర్జూరాలూ పైన కుమ్మరించింది.

"ఇక నాకు పుట్టిల్లు లేదు. మీరు నన్ను పంపడం కాదు, నేనే తెంపుకున్నాను," అంది.

సీతాబాయి కొంగు మూట పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. రాజనర్సయ్య లేచి, "శుక్రవారం పూట గిదేంది చెల్లె, మంచిది గాదు," అంటూనే ఉన్నాడు. ఆవిడ వెనక్కి చూడకుండా బయటికి వచ్చేసింది. గుమ్మంలో ఎవరో పుస్తకాల సంచి కుర్రాడు ఎదురై, "కమలక్క మెస్ ఇదేనా ఆంటీ?" అని అడిగాడు. "కాదు బాబూ," అంది.

రోడ్డుకు అవతల పేవ్‌మెంటు మీద రంగు వెలిసిన గొడుగు, దాని కింద కుట్టుమిషను. సాయిలు ఎవరిదో ప్యాంటు అంచు కుడుతున్నాడు. కమలకుమారికి ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది. పరుగులాంటి నడకతో రోడ్డు దాటి అతని ముందు నిలబడింది.

"సాయిలూ, నమ్మించి గొంతు కోశారయ్యా. షెటరు నాకూ లేదు, నీకూ లేదు. అన్నయ్యా అన్నయ్యా అని ఇన్నేళ్ళు..."

సాయిలు మిషను ఆపాడు. దారం పళ్ళతో తెంపాడు. తలెత్తి ఆవిడ మొహం చూశాడు, ఆవిడ పూచీ పడిన రోజు చూసినంతసేపూ చూశాడు.

"నాకు ఆర్నెల్ల కిందనే తెలిసిందక్కా," అన్నాడు. "నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనయ్. ఆయన నీకు మాటిచ్చి తప్పిండు, నీ బాధ నాకు సమజైతది. కానీ నాకు మాటిచ్చింది రాజనర్సన్న కాదు గదా. నువ్వు."

ఎర్రగడ్డ బస్సు వచ్చి ఆగి, వెళ్ళిపోయింది. ఖాళీ డబ్బా చేత్తో పట్టుకుని ఆవిడ అక్కడే నిలబడి ఉండగా, సాయిలు తల వంచుకుని మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు.