పొయ్యి ఆపిందా?

గురువారం పొద్దున్నే మా ఇంట్లో పెన్సిల్ గురించి గొడవైంది.

గరిటెలు పెట్టుకునే గ్లాసులో నా పెన్సిల్ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఆ రోజు మా వారు ముందుగదిలో కర్టెన్ రాడ్డు బిగించడానికి, గోడ మీద గుర్తులు పెట్టుకోవాలని దాన్ని తీసుకెళ్ళారు. పని అయ్యాక స్టూలు మీద పెట్టారు. తర్వాత టీ కప్పుతో వచ్చి అదే స్టూలు మీద కూర్చున్నారు.

"వాడుకున్న వస్తువు తెచ్చివ్వడం ఇలాగేనా?" రెండు ముక్కలూ అరచేతిలో పెట్టి చూపించాను.

"నష్టమేముంది? ఒకటి రెండయ్యాయి."

"లోపల ముల్లు పొడుం అయిపోయింది. చెక్కినా నిలవదు."

"గుచ్చుకుంది నాకు. దెబ్బ తగిలిందా అని అడగవు. బడికెళ్ళేవాళ్ళు లేని ఇంట్లో పెన్సిల్ కోసం ఇంత రాద్ధాంతమేంటి?"

లోపలి గదిలోంచి అత్తయ్య అందుకున్నారు. "అది లేకపోతే దానికి చెయ్యి విరిగినట్టేరా. నీకేం తెలుసు?"

మా వారు నీళ్ళ సరఫరా ఆఫీసులో పని చేస్తారు. రోజంతా జనం ఫిర్యాదులు విని విని, ఇంట్లో కూడా అదే జవాబు అలవాటైపోయింది. "రాసివ్వు, పరిశీలిస్తాం" అని తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళారు.

"దేంతో రాయను?" అన్నాను. అప్పటికే కుళాయి చప్పుడు మొదలైంది.

ఆ పెన్సిల్‌తో నేనేం చేస్తానో ఆయనకు తెలియదు. అత్తయ్యకు తెలుసు.

అత్తయ్యకు చూపు మందగించి ఆరేళ్ళయింది. మధ్యాహ్నం పనులు తెమిలాక ఆవిడ మంచం మీద, నేను కింద గోడకు ఆనుకుని కూర్చుంటాం. లైబ్రరీ నుంచి తెచ్చిన నవల నేను పైకి చదువుతాను, ఆవిడ వింటారు. ఊరికే వినరు. "ఏడో నెల కడుపుతో ఉన్న మనిషి గబుక్కున లేచిందా? ఈ రాసినవాళ్ళు ఎప్పుడైనా ఎవరినైనా చూశారా?" అంటారు. అభ్యంతరం న్యాయమైనదనిపిస్తే పేజీ అంచున సన్నగా రాసి పెడతాను. నావీ కొన్ని ఉంటాయి. కాలేజీ రోజుల్లో ఒక పుస్తకం చదివితే దాని గురించి సాయంత్రం దాకా వాదించుకోవడానికి నలుగురు ఉండేవాళ్ళు. పెళ్ళయ్యాక ఆ నలుగురి చోట నాకు పేజీ అంచులు మిగిలాయి.

లైబ్రరీ పుస్తకంలో రాయడం తప్పని తెలుసు. ఆ తప్పులు చెరిపే పని కూడా నాదే.

మా లైబ్రేరియన్‌ను వీధిలో అందరూ నిశ్శబ్దం గారు అంటారు. గోడ మీదున్న 'నిశ్శబ్దం' బోర్డు ఆయన నోట్లోంచే ఊడిపడిందని. ఆయనకు పనివాళ్ళు తక్కువ. అందుకని గురువారం మధ్యాహ్నాలు నేను వెళ్ళి చిరిగిన పేజీలు అంటిస్తాను, ఊడిన అట్టలు కుడతాను, పాఠకుల గీతలు చెరుపుతాను. రెండేళ్ళ కింద ఆయన నా చేతికి కొత్త రబ్బరు ఇచ్చి, "ఈ పెన్సిల్ దొంగ ఒక్కరేనమ్మా, చేతిరాత ఒకటే. దొరికిన రోజు కార్డు రద్దు" అన్నారు. దొంగ చేతికే తాళాలిచ్చారు. తలూపి, నా రాతలన్నీ నేనే చెరిపాను. ఆ తర్వాత కూడా రాయడం మానలేదు. రాయడం, అత్తయ్యకు వినిపించడం, గురువారం చెరిపేయడం.

ఒక్కటి మాత్రం చెరపలేకపోయాను.

అది నాలుగేళ్ళ కిందటి నవల. చివర్లో కథానాయిక పాలు పొయ్యి మీద పెడుతుంది. ఎవరో తలుపు తట్టి ఉత్తరం ఇచ్చి వెళ్తారు. అది చదివి, చెప్పులేసుకుని, తలుపు దగ్గరగా లాగి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతుంది. ఆ తర్వాత రోడ్డు మీద గాలి గురించి పేజీన్నర ఉంటుంది. చాలా బాగుంటుంది. దాని పక్కన నేను రాశాను: "పొయ్యి ఆపిందా?"

విని అత్తయ్య పడీపడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

పెళ్ళయిన నాలుగో ఏడు నాకూ ఒక ఉత్తరం వచ్చింది. పక్క ఊళ్ళో కాలేజీలో ట్యూటర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. మా వారికి చూపిస్తే, "ఇప్పుడు తొందరేముంది, తర్వాత చూద్దాం" అన్నారు. ఇంటర్వ్యూ రోజు పొద్దున ఆయన డ్యూటీకి వెళ్ళారు, అత్తయ్య మా ఆడపడుచు ఇంటికి వెళ్ళి ఉన్నారు. సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా బయల్దేరాను. వీధి చివరికి వెళ్ళాక పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. పరిగెత్తుకుంటూ వెనక్కి వచ్చాను. పాలు పొంగి మంట ఆరిపోయింది, ఇల్లంతా గ్యాస్ వాసన. కిటికీలు తెరిచి, గట్టు తుడిచి, గిన్నె తోమేసరికి తొమ్మిదింటి బస్సు వెళ్ళిపోయింది. పదింటికి ఇంకోటి ఉంది. నేను వెళ్ళలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ పదింటి బస్సు ఎందుకు ఎక్కలేదో నాకూ తెలియదు.

అందుకే ఆ రెండు మాటల దగ్గర రబ్బరు ఆగిపోయింది.

పెన్సిల్ విరిగిన గురువారమే, ఆ నవల రాసినావిడ మా లైబ్రరీకి వచ్చారు. కొత్త పుస్తకం అచ్చయిందని పదిహేను రోజుల్లో పదకొండు ఊళ్ళు తిరుగుతున్నారు, లైబ్రరీలు, పుస్తకాల షాపులు. నిశ్శబ్దం గారు నలభై కుర్చీలు వేయించారు, ముప్ఫై రెండు నిండాయి. నేను మూడో వరుస చివర కూర్చున్నాను. ఆవిడతో ఒక్క మాటైనా మాట్లాడాలని నెల రోజులుగా అనుకుంటున్నాను. ఆ మాటేమిటో తేల్చుకోలేకపోయాను.

రచయిత్రికి యాభై ఐదేళ్ళుంటాయి. జలుబుతో గొంతు బొంగురుపోయింది. కూర్చోగానే బల్ల కింద చెప్పులు విడిచి, ఒక పాదం మీద ఇంకో పాదం పెట్టుకున్నారు.

"నా పుస్తకాలు నేను మోసుకురానండి. ఎక్కడికెళ్ళినా మీ లైబ్రరీ కాపీయే అడిగి చదువుతాను. మీరు నా మొహం మీద బాగుంది బాగుంది అంటారు. పేజీల మురికి అలా మొహమాటపడదు. పోయిన వారం ఒక ఊళ్ళో చూశాను. నూట పన్నెండో పేజీ దాకా వేలిముద్రలు, అక్కణ్ణుంచి మల్లెపువ్వులా తెల్లగా ఉంది. అంటే నూట పన్నెండు దగ్గర నన్ను దింపేసి ఎవరి దారిన వాళ్ళు పోయారన్నమాట."

అందరూ నవ్వారు. రిటైరైన పెద్దాయన ఒకరు లేచి, "ఈ పుస్తకం పెళ్ళిళ్ళలో బహుమతిగా ఇవ్వచ్చామ్మా?" అని అడిగారు.

"ఇందులో ఆవిడ మొగుణ్ణి వదిలేస్తుందండీ. మీ ఇష్టం."

ఆ నవ్వుల మధ్యే నిశ్శబ్దం గారు పాత నవల తెచ్చి ఆవిడ చేతికిచ్చారు. మా లైబ్రరీలో ఆ నవల కాపీ ఒక్కటే.

ఆవిడ చివరి పేజీలు తీశారు. చదవబోయి ఆగారు. పుస్తకాన్ని కిటికీ వైపు ఏటవాలుగా తిప్పి, కళ్ళజోడు నుదుటి మీదికి జరిపి చూశారు. వెనక్కి కొన్ని పేజీలు తిప్పారు. చెరిపినా కాగితం మీద పెన్సిల్ ఒత్తు ఉండిపోతుంది, వెలుతురు పక్కనుంచి పడితే చదవచ్చు. రెండేళ్ళు రబ్బరు పట్టుకుని ఆ సంగతి నేను కనిపెట్టలేదు.

"ఎవరో నాకు ఉత్తరం రాసిపెట్టారు" అని పైకి చదివారు. "'ఏడో నెలలో గబుక్కున లేవదు.' నిజమే. 'ఈ వానలో గొడుగు ఎక్కడిది?' అవును, ఎక్కడిది?" జనం నవ్వుతున్నారు. ఇంకో పేజీ తిప్పాక ఆవిడ గొంతు తగ్గింది. "'పొయ్యి ఆపిందా?'"

ఇద్దరు ముగ్గురు దానికీ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"ఎవరండీ ఈ రాసింది? తిట్టడానికి కాదు."

నిశ్శబ్దం గారు లేచి నిలబడ్డారు. "క్షమించండమ్మా. ఇక్కడ ఒక పెన్సిల్ దొంగ ఉన్నారు. దొరికితే కార్డు రద్దు చేస్తాను."

"రద్దు చేయకండి. ఆ మనిషిని నాకివ్వండి."

జనం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. నేనూ నా పక్కావిడ మొహం అనుమానంగా చూశాను. అంత సిగ్గుమాలిన పని అంతకు ముందు చేయలేదు.

ఎవరూ లేవకపోయేసరికి ఆవిడ నిశ్శబ్దం గారి జేబులోని పెన్సిల్ అడిగి తీసుకుని, ఆయన కళ్ళ ముందే పేజీ అంచున ఏదో రాశారు. ఆయన నోరు తెరిచి, గోడ మీది బోర్డు వైపు చూసి, మూసుకున్నారు.

సంతకాల కోసం వరస కట్టారు. నేనూ నిలబడ్డాను. నా ముందు ముగ్గురు ఉండగా పక్కకు తప్పుకుని కుర్చీలు సర్దడం మొదలుపెట్టాను. వెళ్ళేటప్పుడు ఆవిడ నా పక్కనుంచే వెళ్ళారు. "బరువున్నట్టున్నాయి, చూసి ఎత్తండి" అన్నారు. నేను తలూపాను.

జనం వెళ్ళాక నిశ్శబ్దం గారు ఆ పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "నూట తొంభై ఆరో పేజీ. రెండు రాతలూ చెరిపేయండమ్మా. రాసినావిడే రాసినా రూలు రూలే."

పేజీ తీశాను. నా మాటల కింద గుండ్రటి పెద్ద అక్షరాలు: "నాకు తెలియదు. పొయ్యి సంగతే మర్చిపోయాను. మీకు తెలుసని అనిపిస్తోంది. శనివారం పదిన్నరకు పక్క ఊళ్ళో, బస్టాండు ఎదురుగా ఉన్న పుస్తకాల షాపులో ఉంటాను. వచ్చి చెప్తారా?"

రబ్బరు చేతిలోనే ఉంది. నీకు తెలుసు కదా అని నన్ను రోజూ అడుగుతారు. కత్తెర ఎక్కడుందో, కరెంటు బిల్లు ఎక్కడుందో, అన్నీ నాకు తెలుసు. ఇలాంటిది నాకు తెలుసని ఇరవై రెండేళ్ళలో ఎవరూ అనుకోలేదు.

రబ్బరు బల్ల మీద పెట్టి ఆయన ముందుకు వెళ్ళాను. "ఆ దొంగ నేనేనండీ."

ఆయన పరాచికమనుకుని నవ్వారు. నేను ఒక చీటీ తీసుకుని "పొయ్యి ఆపిందా?" అని రాసిచ్చాను. చీటీని పేజీ పక్కన పెట్టి చాలాసేపు చూశారు.

"మీ చేతికే కదమ్మా రబ్బరు ఇచ్చాను" అన్నారు చివరికి. కోప్పడితే బాగుండేది.

ట్రేలోంచి నా కార్డు తీసి సొరుగులో వేశారు. "ఆరు నెలలు. అసలు రద్దే చేయాలి. చేస్తే అట్టలు ఎవరు కుడతారు?" తర్వాత రూలు పుస్తకం తెరవకుండానే చెప్పారు. "పుస్తకం పాడుచేసినవాళ్ళు కొత్త కాపీ తెచ్చివ్వాలి. పాడైంది వాళ్ళే పట్టుకుపోవాలి." అది చెప్తున్నంతసేపూ నా మొహం చూడలేదు. పుస్తకాన్ని మాత్రం రెండు చేతులతో నెమ్మదిగా నా వైపు జరిపారు.

ఏడింటికి భోజనాలకు కూర్చున్నాం. కొత్త కర్టెన్ రాడ్డు ఎడమవైపు వేలెడు కిందికి ఉంది. అత్తయ్య కంచంలో కూర వేసి, కూర్చుని, "శనివారం నేను పక్క ఊరు వెళ్తున్నాను" అన్నాను.

"ఏం పని?" అన్నారు మా వారు.

"లైబ్రరీ పుస్తకం పాడుచేశాను. కొత్తది కొనివ్వాలి."

"ఓస్, దానికా? సోమవారం మా ఆఫీసు జీపు అటే వెళ్తుంది, తెప్పిస్తాను. నువ్వెందుకు బస్సుల్లో పడి తిరగడం?"

ఆయన చెప్పేది ఎప్పుడూ సౌకర్యంగానే ఉంటుంది. సరిగ్గా అక్కడే నేను సరే అంటాను. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా. లేచి వెళ్ళి, పుస్తకం తెచ్చి, నూట తొంభై ఆరో పేజీ తీసి ఆయన కంచం పక్కన పెట్టాను.

ఆయన చదివారు. మళ్ళీ చదివారు. "ఇది నీ రాతే" అన్నారు. తర్వాత "పెన్సిల్‌తో" అన్నారు. గోడ మీద తను పెట్టుకున్న గుర్తుల వైపు ఒకసారి చూశారు.

"నాకు కనపడదు కదా, పైకి చదవరా" అన్నారు అత్తయ్య.

ఆయన చదివారు. ఆ ఇంట్లో ఆయన ఒక పుస్తకంలోంచి పైకి చదవడం నేను వినడం అదే మొదటిసారి. "వచ్చి చెప్తారా" దగ్గర కాస్త తడబడ్డారు.

"ఏడో నెల సంగతి నేను చెప్పిందని చెప్పు ఆవిడతో. నా వాటా నాకు రావాలి" అన్నారు అత్తయ్య.

"శనివారం మరి పొద్దున పాలు, టీ?" అన్నారు ఆయన. పుస్తకం ఇంకా మూయలేదు.

"నేను చూసుకుంటాలేరా. కళ్ళు కనపడకపోతేనేం, పాలు పొంగేది వినపడుతుంది."

ఆయన నా వైపు తిరిగారు. "ఇంతకీ ఏం చెప్తావు? ఆపిందనా, ఆపలేదనా?"

"అది ఆవిడతోనే చెప్తాను" అన్నాను. "తొమ్మిదింటి బస్సుకు వెళ్తున్నాను. ఆ పొద్దున నేను పొయ్యి వెలిగించను."