కింది చేతిలో కవలలు

"వంగవే కొమ్మా, వయ్యారి కొమ్మా, వంగితే నీకు..." ఏమిస్తానన్నదో మరిచిపోయాను. చిన్నప్పటి పాట. కోడలు పనిలో కూర్చుంటే నా నోటికి ఆ సగమే వస్తుంది.

మా కోడలు విళ్లు చేస్తుంది. పొద్దున్నే టీ తాగి వెనక షెడ్డులోకి వెళ్తుంది. అచ్చు మీద ఒక ఫైబర్ గ్లాసు పట్టీ, దాని మీద పల్చటి చెక్క పట్టీలు, అన్నిటికీ పైన మళ్లీ గ్లాసు, మధ్య మధ్య జిగురు. ఒకే పలక నుంచి చీల్చిన రెండు పట్టీలను తను కవలలంటుంది; గట్టి కలపవి ఒక జత, మెత్త కలపవి ఒక జత. జతలో ఒకటి విల్లు పై సగానికి, అంటే పై చేతికి, ఒకటి కింది చేతికి వెయ్యాలి. అప్పుడే రెండూ సమంగా వంగుతాయట.

జిగురు రాసే ముందు పట్టీలను ఉత్తినే పేర్చి చూస్తుంది. వరస తప్పితే అవి అచ్చుకు బెత్తెడు ఎత్తున గాల్లో ఆగిపోతాయి. కుదిరితే మెల్లగా దిగుతాయి. మా ఇంట్లో అది మామూలే. అవి పైనున్నప్పుడే నేను కింద దుమ్ము తుడిచేస్తాను.

ఆ రోజు విల్లు మనవరాలి కోసం. పాతది పగిలింది. ఆదివారం విలువిద్య శిక్షణకు ఎంపిక పోటీ. ఇది తప్పితే మళ్లీ వయసు దాటిపోతుంది. పట్టీలు దిగుతాయన్న ధీమాతో కోడలు జిగురు ముందే కలిపేసింది. అదే ఆఖరి డబ్బా.

పట్టీలు దిగలేదు. తిప్పింది, తిరగేసింది. ఊహూఁ.

"అత్తయ్యా, తలాతోకా మార్చేశానంటారా?"

"నన్నడుగుతావేంటే? నాకు రెండు కొసలూ ఒకలాగే ఉన్నాయి."

"అలిగాయేమో, బతిమాలు," అన్నాడు మా అబ్బాయి గుమ్మంలోంచి.

"ముందు మీరు ఆఫీసుకి వెళ్లండి!"

విసుగొచ్చి గట్టి కలప కవలలు రెండిటినీ కింది చేతికి, మెత్త కలప కవలలను పై చేతికి పడేసింది. అన్నీ చప్పుడు లేకుండా దిగాయి.

"ఇదేం వరసండీ! వంకర విల్లవుతుంది." తన చేతుల్ని నమ్మాలా, చెక్కనా? గిన్నెలో జిగురు చిక్కబడుతోంది. అయోమయంగానే రాసి, బిగించి, వేడి పెట్టెలో పెట్టింది.

తాడు కట్టాక చూస్తే పై చెయ్యి దణ్ణం పెడుతోంది, కింది చెయ్యి బిర్రబిగుసుకుంది. "పిల్ల నోట్లో నేనే మట్టి కొట్టాను," అంది కోడలు.

మనవరాలు విల్లు పెరట్లోకి పట్టుకెళ్లి బాణాలు వేసింది. అన్నీ ఒక్కచోటే గుచ్చుకున్నాయి. కోడలు బాణాల్ని చూడటంలేదు, పిల్ల వేళ్లు చూస్తోంది. పిల్ల చూపుడువేలు మడిచేసి, మిగతా వాటితో బాణానికి బాగా దిగువన తాడు పట్టుకుంది.

"అక్కడ పట్టుకుంటే భారం కింది చేతి మీద పడుతుంది. అది గట్టిగానే ఉండాలి," అని తనలో తను అనుకున్నట్టు అని, "ఎప్పట్నుంచే?" అంది.

"ఆ మధ్య జ్వరమొచ్చి తగ్గినప్పట్నుంచి. ఆ వేలికి తాడు తగిలినట్టే తెలీదమ్మా. చెబితే మాన్పించేస్తావని..."

కోడలు ఆ వేలిని గుప్పిట్లో పెట్టుకుంది. "సోమవారం డాక్టరు దగ్గరికి. ఆదివారం మాత్రం వెళ్లు."

వెళ్లింది, ఎంపికైంది. శిక్షణకు బస్సెక్కుతూ విల్లు భుజాన సర్దుకుని, నా చెవి దగ్గరికి వంగింది.

"నేను అమ్మకే చెప్పలేదు కదా నానమ్మా, మరి కర్రకెవరు చెప్పారు?"