తొలి బంతికి ముందు

ఆఫీసులో ఆయన్ని అందరూ జోస్యులుగారు అంటారు. పుట్టినప్పుడు పెట్టిన పేరు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. అలాగని ఈ బిరుదు జోస్యాలు ఫలించినందుకు వచ్చింది కాదు. ఆయన గెలుస్తుందన్న జట్టు చిత్తుగా ఓడుతుంది. శతకం కొడతాడన్నవాడు సున్నాకే ఇంటిముఖం పడతాడు. ఎండ కాస్తుందని రాస్తే ఆట వానపాలవుతుంది. చివరికి ఎందుకొచ్చిన గొడవ అని "రెండు జట్లకూ సమాన అవకాశాలున్నాయి" అని రాయడం మొదలుపెట్టారు. ఆ ఏడాది మ్యాచ్‌లన్నీ ఏకపక్షంగా ముగిశాయి.

ఆయన శీర్షిక పేరు 'తొలి బంతికి ముందు'. పెద్ద సిరీస్ మొదలయ్యే రోజు పొద్దున ఆటల పేజీలో ఎడమవైపు వస్తుంది. పిచ్ ఎలా ఉంది, ఎవరు ఊపు మీదున్నారు, ఎవరి మీద కన్నేసి ఉంచాలి, ఇవీ అందులో సంగతులు. పైన ఆయన ఫొటో ఉంటుంది. ఫొటోలో ఆయనకి జుట్టు కూడా ఉంటుంది.

పొరుగు జట్టుతో టెస్టు సిరీస్ మొదలవడానికి కొన్నాళ్ల ముందు ఎడిటర్ ఆయన్ని గదిలోకి పిలిచింది. ఆవిడ వయసు ఆయన ఉద్యోగం వయసు కంటే తక్కువ. లోపలికి వెళ్లగానే "కూర్చోండి సార్" అని మెత్తగా అనేసరికి ఆయనకి ఏదో మూడిందని అర్థమైంది.

"మీ శీర్షిక ఎవరు చదువుతున్నారో నాకు అర్థం కావట్లేదు సార్. ఉత్తరం రాదు, ఫోన్ రాదు, ఆన్‌లైన్‌లో ఎవరూ తెరవరు. పక్క పేపర్లో ఇదంతా కంప్యూటరే రాసేస్తోంది."

"పొరుగు జట్టుతో ఆటమ్మా. జనం పనులు మానుకుని చూస్తారు."

"ఆట చూస్తారు సార్. మీరు రాసింది చదువుతారా అని. సరే, ఈ ఒక్కసారి చూద్దాం. మీ రాత చదివి ఒక్కరంటే ఒక్కరు ఫోన్ చేస్తే శీర్షిక ఉంటుంది. లేదంటే రెండో టెస్టు నుంచి ఆపేద్దాం."

జోస్యులుగారు లేచి బయటికొచ్చారు. మ్యాచ్ రిపోర్టులు ఎప్పుడో చిన్నవాళ్ల చేతికి వెళ్లిపోయాయి. ఇంటర్వ్యూ అడిగితే ఆటగాళ్లు 'మీరెవరు' అంటున్నారు. ఈ కాస్త శీర్షికా ఊడితే ఆఫీసులో ఆయన చేసే పని ఫ్యాను కింద కూర్చోవడం ఒక్కటే.

ఇంతకీ ఎడిటర్‌కి తెలియనిది ఒకటుంది. ఆ శీర్షిక ఆయన నిజంగా రాసి చాలా ఏళ్లయింది. కంప్యూటర్లో ఒక పాత ఫైలు ఉంది. సిరీస్ రాగానే దాన్ని తెరిచి, పేర్లు మార్చి, పంపేస్తారు. పాడిందే పాటరా పాచిపళ్ల దాసరీ అన్నట్టు, తొలి గంట ఎప్పుడూ కీలకమే, పిచ్ మీద ఎప్పుడూ పచ్చిక ఉంటుంది, క్రికెట్‌లో ఎప్పుడూ ఏదైనా జరగొచ్చు. కంప్యూటర్ తన పొట్ట కొడుతోందని ఆయన తిట్టుకుంటారుగానీ, ఆ పని కంప్యూటర్ కంటే ముందు మొదలుపెట్టింది ఆయనే.

ఈసారి మాత్రం అలా కాదని ఒట్టు పెట్టుకున్నారు. మ్యాచ్‌కి ముందురోజు ఎండలో పడి స్టేడియానికి వెళ్లారు. అక్కడ విలేకరులంతా తాడు ఇవతల నిలబడి, దూరంగా ఉన్న పిచ్ వైపు కళ్లు చికిలించి చూస్తున్నారు. పిచ్‌ని చూసినవాడు బొటనవేలితో నొక్కాలి, పెదవి విరవాలి, ఆకాశం వైపు చూడాలి. ఇది వృత్తిధర్మం. పిచ్ దగ్గరికి పోనివ్వరు కాబట్టి జోస్యులుగారు తాడు పక్కన నేలనే నొక్కారు. నేల నేలలాగే ఉంది. అయినా పెదవి విరిచారు. పక్కనున్న కుర్ర విలేకరి ఆయన్ని చూసి 'పిచ్ అనుమానమే' అని రాసుకున్నాడు.

అక్కడినుంచి నెట్స్ వైపు వెళ్లి, నిజంగానే కాసేపు కళ్లప్పగించి చూశారు. మన జట్టులో ఒక కొత్త బౌలర్ మర్నాడు మొదటి టెస్టు ఆడబోతున్నాడు. అందరూ వెళ్లిపోయాక అతనొక్కడే ఒంటి స్టంప్ పాతుకుని బంతులు వేస్తున్నాడు. తీసిచ్చేవాళ్లు లేక, వేసిన ప్రతి బంతినీ తనే నడిచి వెళ్లి తెచ్చుకుంటున్నాడు. బంతి ఆఫ్ స్టంప్ బయట పడి చివర్లో లోపలికి వస్తోంది. వెళుతూ వెళుతూ స్టంప్ గుంతని బూటుతో పూడ్చి, దాని మీద మెల్లగా రెండుసార్లు తట్టాడు. జోస్యులుగారికి ఎందుకో చాలా సంతోషమేసింది. ఇది రాయాలి, ఇదే రాయాలి అనుకుంటూ ఆఫీసుకొచ్చారు.

కుర్చీలో కూర్చోగానే చేయి కదలలేదు. "ఇది కేవలం ఆట కాదు" అని కొట్టారు. ఈ ముక్క ఇదివరకు చాలాసార్లు రాసినట్టు గుర్తొచ్చి చెరిపేశారు. "ఇది కేవలం ఆటే" అని కొట్టారు. అదీ బాగాలేదు. అలా సాయంత్రం దాకా కొట్టడం, చెరపడం. సొంతంగా రాసే అలవాటు తప్పిపోయిందని అప్పుడు తెలిసి ఆయనకి భయమేసింది.

పేజీలు పెట్టే సబ్ ఎడిటర్ అవతలి నుంచి కేకేశాడు. "బాబాయ్! పేజీ నీకోసమే ఆగింది!"

సరిగ్గా అప్పుడే ఇంటినుంచి ఫోన్. భార్య గొంతు వెనకాల నీళ్ల చప్పుడు.

"ఏవండీ, వంటింట్లో కుళాయి ఊడి చేతికొచ్చేసింది. నీళ్లు చిమ్ముకొస్తున్నాయి. గోడ దగ్గర మర ఎటు తిప్పాలి?"

"ఎడమవైపు తిప్పు."

"ఇంకా ఎక్కువైందండీ!"

"అయితే కుడివైపు."

"మీరు చెప్పినదానికి వ్యతిరేకం చేయాలని నాకు ముందే తోచి ఉండాల్సింది" అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

"బాబాయ్!" అని మళ్లీ కేక. జోస్యులుగారు ఇంక ఆగలేదు. పాత ఫైలు తెరిచారు, గబగబా పేర్లు మార్చారు, పంపేశారు. ఒట్టు తీసి గట్టున పెట్టారు.

మర్నాడు పొద్దున పేపరు రాగానే అలవాటు ప్రకారం ముందు తన శీర్షికే చదువుకున్నారు. మూడో పేరా దగ్గర కాఫీ గొంతుకి అడ్డంపడింది.

'కొత్త బంతితో నిచ్చెన లయ అందుకుంటే తొలి గంటలోనే మ్యాచ్ మన చేతికొస్తుంది.'

నిచ్చెన అంటే మన జట్టు పాత ఫాస్ట్ బౌలర్. మనిషి బాగా పొడుగు కావడంతో చూసేవాళ్ల దగ్గర్నుంచి పత్రికల దాకా అందరూ అలాగే పిలిచేవాళ్లు. ఆయన మోకాలు పాడై ఆట మానేసి ఏడాది దాటింది. ఇప్పుడు బాత్‌రూమ్ టైల్స్ కొట్టు నడుపుకుంటున్నాడు. వీడ్కోలు సభలో ఆయన చేతికి పూలగుత్తి ఇచ్చింది జోస్యులుగారే. 'నిచ్చెన దిగిపోయింది' అని కంటతడిపెట్టే వ్యాసం రాసిందీ జోస్యులుగారే. ఇప్పుడా మనిషినే కొట్టులోంచి లాక్కొచ్చి కొత్త బంతి చేతికిచ్చారు. నెట్స్‌లో కళ్లారా చూసిన కొత్త బౌలర్ ఊసు వ్యాసంలో ఎక్కడా లేదు.

తేలు కుట్టిన దొంగలా ఆఫీసుకి వెళ్లారు. ఎవరు నవ్వినా తన గురించే అనిపించింది. టీ దగ్గర ఎవరో "తప్పు" అంటే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నారు. తీరా చూస్తే వాళ్లు సెలవు చీటీలో తేదీ గురించి మాట్లాడుకుంటున్నారు. సబ్ ఎడిటర్ ఎదురొచ్చి "బాబాయ్, అదరగొట్టావు" అన్నాడు. అంటే చదవలేదన్నమాట.

టీవీలో మ్యాచ్ మొదలైంది. మనవాళ్లే ముందు బ్యాటింగ్. మధ్యాహ్నమైంది. ఫోన్ మోగలేదు. పొద్దున పట్టుకుంటారేమోనన్న భయం కాస్తా ఇప్పుడు పట్టుకోరేమోనన్న భయంగా మారింది. ఎవరైనా ఫోన్ చేసి తిడితే పరువు పోతుంది. చేయకపోతే శీర్షిక పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇంత పెద్ద తప్పు లోకంలో ఒక్కరికీ కనబడలేదంటే, ఇన్నేళ్లూ తను గోడకి చెప్పుకున్నట్టే కదా అని దుఃఖం ముంచుకొచ్చింది.

అప్పుడు ఫోన్ మోగింది.

"అన్నగారూ, నేను నిచ్చెనని. ఇవాళ ఆడుతున్నానట కదా, పేపర్లో చూశాను. మోకాలికి కూడా ఒకసారి చెప్పాల్సింది."

"తమ్ముడూ, క్షమించు. చచ్చి నీ కడుపున పుడతాను."

"అంత పెద్ద పిల్లాడు నాకొద్దులెండి" అని అవతల ఆయన నవ్వాడు. "ఆ వాక్యం మీరు నా గురించి ప్రతి సిరీస్‌కీ రాసేవారు. ఒక్క అక్షరం మారేది కాదు. మొదట్లో కోపమొచ్చేది, ఈయనకి ఇంకో మాట రాదా అని. తర్వాత అనుకున్నాను, నేను మాత్రం ఏం చేస్తున్నాను? అదే చోట అదే బంతి. మ్యాచ్ పొద్దున అది చదువుకుంటే ధైర్యంగా ఉండేది."

ఆ వాక్యం నిచ్చెన కంటే ముందు ఇంకెవరి కోసమో రాసిందని జోస్యులుగారు చెప్పలేకపోయారు.

"కానీ అన్నగారూ, నేను ఫోన్ చేసింది నాకోసం కాదు" అని నిచ్చెన గొంతు తగ్గించాడు. "ఇవాళ మొదటి టెస్టు ఆడుతున్నాడే, ఆ తమ్ముడు నా దగ్గరే నేర్చుకున్నాడు. వాళ్ల నాన్న పొద్దున్నే లేచి పేపర్లన్నీ కొన్నాడట. మీ శీర్షికే ముందు తీశాడట. అందులో కొడుకు పేరు ఉండాల్సిన చోట నా పేరు ఉంది. నాకు ఫోన్ చేసి 'మావాణ్ణి తీసేశారా బాబూ' అని అడిగాడు."

అప్పటిదాకా జోస్యులుగారు పరువు గురించీ, కుర్చీ గురించీ సిగ్గుపడ్డారు. ఆ తండ్రి పేపర్లు ముందేసుకుని వెతుక్కోవడం తలుచుకుంటే వచ్చిన సిగ్గు వేరు. దాన్ని ఆయన భరించలేకపోయారు.

తిన్నగా ఎడిటర్ గదిలోకి వెళ్లి జరిగిందంతా చెప్పేశారు. పాత ఫైలు సంగతితో సహా. ఆవిడ పేపరు తీసి ఆయన ఎదురుగానే ఆ వ్యాసం చదివింది. మొదటిసారి చదువుతోందని ఆ ముఖం చూస్తేనే తెలిసిపోతోంది.

"కంప్యూటర్ ఇలాంటి తప్పు చేయదు సార్" అంది చివరికి.

"చేయదమ్మా. చేసినా దానికి ఎవరూ ఫోన్ చేయరు."

ఆవిడ పేపరు మడిచి పక్కన పెట్టింది. "సవరణ రాసివ్వండి. మీ శీర్షిక చోటే వేద్దాం. కానీ తప్పు చూసి చేసిన ఫోన్ లెక్కలోకి రాదు సార్. రాత చూసి చేసిన ఫోన్ కావాలి. ఆ ఫొటో కూడా మార్చండి."

సవరణకి పాత ఫైలు లేదు. అందుకేనేమో, కూర్చోగానే వచ్చేసింది. ఆట మానేసి టైల్స్ అమ్ముకుంటున్న మనిషిని బరిలోకి దింపానని, అది నిర్లక్ష్యమని రాశారు. అక్కడ ఉండాల్సిన పేరు ఇదీ అని కొత్త బౌలర్ పేరు రాశారు. ఒంటి స్టంప్ గురించి, నడిచి వెళ్లి తెచ్చుకున్న బంతుల గురించి, పూడ్చిన గుంత మీద బూటుతో తట్టడం గురించి రాశారు. చివర్లో చేయి ఊరుకోక, 'ఇతని చేతికి కొత్త బంతి వస్తే వికెట్లు ఖాయం' అని చేర్చారు.

రెండోరోజు మధ్యాహ్నం కొత్త బౌలర్ చేతికి కొత్త బంతి వచ్చింది. జోస్యులుగారు ఇంట్లో టీవీ ముందు చేతులు నలుపుకుంటూ కూర్చున్నారు. మొదటి బంతి ఫోర్. ఆ తర్వాత ఇంకో రెండు ఫోర్లు. ఆట ముగిసేదాకా ఒక్క వికెట్టూ పడలేదు.

"పాపం ఆ పిల్లాడు మీకేం ద్రోహం చేశాడండీ?" అంది భార్య. "వికెట్లు ఖాయమని రాయకపోతే ఒకటో రెండో పడేవి కదా."

సమాధానం చెప్పేలోపు ఫోన్ మోగింది. ఎవరో పెద్దాయన. ఆఫీసులో నంబరు తీసుకున్నానని మొహమాటపడుతూ, కొత్త బౌలర్ తండ్రినని చెప్పాడు.

"మావాడి గురించి రాశారు సార్. కొత్త ఫొటో చూసి ఇంకెవరో రాశారనుకున్నాను. ఆ గుంత పూడ్చడం ఉంది చూశారా, అది వాడికి చిన్నప్పుడు నేను చెప్పిందే. మన గుంత మనమే పూడ్చాలిరా అని. అది కూడా చూసేవాళ్లుంటారని అనుకోలేదు. ఇవాళ బాగా కొట్టించుకున్నాడు. అన్నం తినలేదట. మీరు ఆట తెలిసినవాళ్లు కదా, అడుగుదామని చేశాను. రేపు ఎలా వేస్తాడంటారు సార్?"

జోస్యులుగారి నాలుక చివరికి తొలి గంట వచ్చింది, లయ వచ్చింది, సమాన అవకాశాలు కూడా వచ్చాయి. ఎన్నో ఏళ్లుగా నమ్మకమైన నౌకర్లలా పనిచేసిన మాటలవి. వాటన్నింటినీ మింగేశారు.

"నాకు తెలీదండీ" అన్నారు. "నిజంగా తెలీదు. కానీ రేపు అతను వేసే ప్రతి బంతీ చూస్తాను. చూసిందే రాస్తాను."

"అది చాలు సార్. వాడికి చెబుతాను" అని పెద్దాయన ఫోన్ పెట్టేశాడు.

"ఎవరండీ?" అంది భార్య.

జోస్యులుగారు చెమ్మగిల్లిన కళ్లు తుడుచుకున్నారు.

"పాఠకుడు."

"అయితే శీర్షిక నిలిచినట్టేగా! ఇంకా కూర్చున్నారేం? మీ ఎడిటరమ్మకి చెప్పండి."

"రేపు చెబుతాలే. తొలి గంట అయ్యాక."