క్యాచర్ మూడుసార్లు నడిచాడు

ఆ ఆదివారం మధ్యాహ్నం నాకు కాలు ఒకచోట నిలవలేదు. ఎండ మాడ్చేస్తోంది. మిసిసిపీ ఒడ్డున ఉన్నామన్న మాటే గానీ గాలి అన్నది లేదు. మొక్కజొన్న మిల్లు వాసన తలకెక్కుతోంది. ఇవన్నీ ఏటా ఉండేవే, వాటికి నేనేం కంగారుపడను. నా కంగారంతా బేస్‌బాల్ మైదానంలో బ్యాటర్ నిలబడే ప్లేటు వెనక, స్టాండ్లలో మూడో వరసలో గడ్డిటోపీ పెట్టుకుని కూర్చున్న హాల్వర్సన్ అనే పెద్దమనిషిని చూసి. పై లీగువాళ్ళ తరఫున ఊరూరా తిరిగి అంపైర్లకు మార్కులు వేస్తుంటాడు. ఆయన నాకోసం రాలేదు. నాకు యాభై రెండేళ్ళు, ఇరవై మూడేళ్ళుగా ఈ కింది లీగుల్లోనే పాతుకుపోయాను, నన్నెవరు చూడొస్తారు? ఆయన వచ్చింది మా ఎమెట్ కోసం.

ఎమెట్ నా జోడీ. మా లీగులో ఆటకు ఇద్దరమే అంపైర్లం. ఒకరు ప్లేటు వెనక వంగి నిలబడితే ఒకరు బేసుల మధ్య తిరుగుతారు, మర్నాడు తారుమారు. ఇద్దరిలో పెద్దవాణ్ణి గనుక మంచీ చెడూ నాదే. ఎమెట్‌కు ముప్పై నిండలేదు, నెబ్రాస్కా పిల్లాడు, కళ్ళు డేగ కళ్ళు. పై లీగులో ఒక ఖాళీ ఉంది. ఈ ఏడు పిలుపు రాకపోతే ఈ తిరుగుడు మానేసి మామగారి దాణా కొట్లో కూర్చుంటానని భార్య జోలీన్‌కు మాటిచ్చాడు. ఆమెకు ఏడో నెల. అంటే ఆ గడ్డిటోపీ ఆయన కాగితం మీద ఏం రాసుకుంటే అదే వాడి బతుకు.

మాస్కు సంగతి కూడా చెప్పేస్తాను. దాచి ఏం లాభం? ఏప్రిల్‌లో మొదటిసారి నా దగ్గరికొచ్చినప్పుడు వాడి చేతిలో ఉన్నది హెల్మెట్. హాకీ గోలు ముందు నిలబడేవాళ్ళు పెట్టుకునే తరహాది, తలను ముందూ వెనకా మొత్తం కప్పేసేది. జోలీన్ కొనిపెట్టిందట. నా నోరు ఊరుకుంటుందా?

"ఏమయ్యా, బీన్స్ ఉడకేసే కుండ నెత్తిన బోర్లించుకొచ్చావేంటి?" అన్నాను.

"వెనక వైపు కూడా కాపాడుతుందంటండీ."

"వెనకనించి నిన్నెవడు కొడతాడు, హాట్‌డాగులు అమ్ముకునేవాడా?"

మా పాతకాపుల పద్ధతి వేరు. నెత్తిన టోపీ, దాని మీద ఇనుప ఊచల మాస్కు. బంతి గాల్లోకి లేచిందంటే ఎడమచేత్తో మాస్కు లాగెయ్యాలి, కింద టోపీ కదలకూడదు. మార్కులు వేసేవాళ్ళు ముందు చూసేది అదేనని మాలో అందరూ నమ్ముతాం. కుండలో తల దూర్చుకున్నవాడు భయస్థుడని కూడా నమ్ముతాం. నెల్లాళ్ళు వాణ్ణి వేపుకుతిన్నాను. జూన్ వచ్చేసరికి ఆ హెల్మెట్ కారు డిక్కీలోకి చేరింది, నా రెండో మాస్కు వాడి మొహం మీదికి ఎక్కింది. రెండింటిలో ఏది మేలన్నది మావాళ్ళలో ఇప్పటికీ తెగని వాదన. తెగని వాదనే గదా అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు.

ఆరో ఇన్నింగ్స్‌లో తగిలింది దెబ్బ. తాడిచెట్టంత పిచ్చరు కుర్రాడు బలంకొద్దీ విసిరాడు. బ్యాటు అంచును రాసుకున్న బంతి దారి మార్చుకుని నేరుగా ఎమెట్ దవడ దగ్గర ఊచల మీద పడింది. రెండో బేసు వెనకున్న నాకు ఆ చప్పుడు వినపడింది. మాస్కు ఊడి గడ్డిలో పడింది. ఎమెట్ మోకాళ్ళ మీదికి జారి, ఒక క్షణం అలాగే ఉండి, లేచి నిలబడ్డాడు.

ప్లేటు వెనక కూర్చుని బంతులు పట్టే క్యాచర్ పెరాల్టా వెంటనే చెయ్యెత్తి ఆట ఆపమని అడిగి, పిచ్చరు నిలబడి విసిరే దిబ్బ వైపు నింపాదిగా నడిచాడు. ఇది మాలో మాకున్న మర్యాద. క్యాచర్‌కు దెబ్బ తగిలితే మేం వంగి, ప్లేటు మీద లేని దుమ్మును బ్రష్షుతో తుడుస్తూ వాడికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తాం. మాకు తగిలితే క్యాచర్ దిబ్బ దాకా వెళ్ళి పిచ్చరుతో ఊసుపోక కబుర్లు చెప్పి వస్తాడు. నొప్పిగా ఉందా అని ఒకళ్ళనొకళ్ళు అడిగే పనే లేదు.

అడగాల్సింది నేను. పరుగెత్తుకెళ్ళాను.

"ఎన్నో ఇన్నింగ్స్?"

"ఆరు."

"స్కోరు?"

"నాలుగు, రెండు."

"ఈ బ్యాటర్ లెక్క?"

"రెండు బాల్స్, రెండు స్ట్రైకులు. ఏంటి రాయిస్, స్కూలు మేష్టారిలాగ. బాగానే ఉన్నాను."

అన్నీ సరిగ్గానే చెప్పాడు. కానీ ఆ చెప్పేటప్పుడు వాడి చూపు నా మొహం మీద లేదు, నా కుడి భుజం పైనుంచి వెళుతోంది. అక్కడ ఏముందో నాకు తెలుసు. స్కోరుబోర్డు. మే నెలలో కారులో పోతూ నేనే నవ్వుతూ చెప్పాను, ఒకసారి నాకు తల తిరిగితే డాక్టరును బోర్డుకు వీపు పెట్టించి ఎలా గట్టెక్కానో. ఇప్పుడు మాట్లాడుతున్నట్టే నా భుజం పట్టుకుని కాస్త పక్కకు జరిపింది కూడా వాడే. చూశాను. తెలిసింది. తెలిసీ "సరే, కానియ్" అన్నాను. మందులపెట్టె పట్టుకుని వస్తున్న ట్రైనరును కూడా పర్లేదని చెయ్యూపి వెనక్కి పంపేశాను. మూడో వరసలో గడ్డిటోపీ ఆయన పెన్ను చేత్తో పట్టుకుని ఉన్నాడు మరి.

నా చోటికి తిరిగొచ్చాను గానీ ముళ్ళ మీద నిలబడ్డట్టే ఉంది. ఇంత దూరం నుంచి వాడి కళ్ళు కనపడవు. చేతులు కనపడతాయి, గొంతు వినపడుతుంది. బంతి సరిగ్గా పడిందని స్ట్రైకు చెప్పినప్పుడల్లా చెయ్యి లేస్తోంది, కాస్త ఆలస్యంగా. ఎండకులే అనుకున్నాను. నేనూ అలిసిపోయాను గదా అనుకున్నాను. అనుకోడానికి మనసుకు ఏదో ఒకటి దొరుకుతుంది.

ఇంకో బ్యాటర్ అయ్యాక పెరాల్టా మళ్ళీ దిబ్బ మీదికి నడిచాడు. ఒక ఆటలో అలా వెళ్ళడానికి ఒక్కో జట్టుకు ఐదు అవకాశాలే. దెబ్బ తగిలినప్పుడు వెళ్ళింది ఆ ఐదులోకి రాదు, ఇది వస్తుంది. ఆట మొదలైనప్పట్నించి వాళ్ళు రెండు వాడేశారు, ఇది మూడోది. పిచ్చరు తడబడుతున్నాడా అంటే లేదు, గీత గీసినట్టు వేస్తున్నాడు. మరి ఎందుకు వెళ్ళాడు? అయినా నా చోటునించి కదల్లేదు.

ఏడో ఇన్నింగ్స్‌లో ముచ్చటగా మూడోసారి నడిచాడు. ఈసారి పిచ్చరుకే చిర్రెత్తింది.

"మళ్ళీ ఎందుకొచ్చావురా? నేను బానే వేస్తున్నా గదా."

"నోర్మూసుకుని కాసేపు నిలబడు" అన్నాడు పెరాల్టా. అని, పిచ్చరును వదిలేసి నావైపు చూశాడు.

నేను దగ్గరికెళ్ళాను. "ఏంటయ్యా, కొంపేమన్నా మునిగిందా? మీకింక ఒక్కటే మిగిలింది, తెలుసా?"

"తెలుసు, బ్లూ." మా చొక్కా రంగును బట్టి ఆటగాళ్ళందరూ మమ్మల్ని అలాగే పిలుస్తారు. బూటుతో మట్టి కెలుకుతూ, పెదవులు కదలకుండా అన్నాడు: "ఇందాకట్నించీ లెక్క నేను గొణుగుతుంటే ఆయన పైకి చెప్తున్నాడు. నేనేం చెప్పలేదు, మీరేం వినలేదు."

వాడి జట్టు రెండు పరుగుల ఆధిక్యంలో ఉంది. ఆఖరి ఇన్నింగ్స్‌లో ప్రాణం మీదికొస్తే వాడుకోవాల్సిన అవకాశాలను మా ఎమెట్ కోసం ఖర్చుపెడుతున్నాడు, మాకు పరాయివాడు. నేనేమో నా జోడీని చూస్తూ నిలబడ్డాను. నామీద నాకే అసహ్యమేసింది.

ప్లేటు దగ్గరికి నడిచాను. ఎమెట్ రెండు భుజాలూ పట్టుకుని, బోర్డు వాడి వీపు వెనక్కి పోయేలా, ప్లేటు వెనకున్న వల వైపు తిప్పాను. వాడి ఎడమచేతిలో బాల్స్, స్ట్రైకుల లెక్క తిప్పుకునే చిన్న బిళ్ళ ఉంటుంది, అదీ లాక్కున్నాను.

"నిన్న ఏ ఊళ్ళో ఆడించాం?"

వలవైపు చూశాడు. నా చొక్కా గుండీల వైపు చూశాడు.

"పియోరియా" అన్నాడు.

నిన్న ఇక్కడే ఆడించాం. మొన్నా ఇక్కడే.

"లోపలికి పద, ఎమెట్."

"వద్దు రాయిస్. ఇంకెంతసేపు, రెండున్నర ఇన్నింగ్స్. ఆయన చూస్తున్నాడు."

"చూడనీ."

"జోలీన్‌కి మాటిచ్చాను." ఇది మటుకు ఎవరూ గొణగకుండానే గుర్తుంది వాడికి.

నేను ట్రైనరుకు చెయ్యూపాను. అది చూసి ఎమెట్ మొహం రంగు మారిపోయింది. నా చొక్కా పట్టుకుని, స్టాండ్లలోకి వినపడకుండా, పళ్ళ బిగువున అన్నాడు: "నీకు పిలుపు రాలేదని నాకూ రానివ్వవు. ఓర్వలేక చేస్తున్నావు."

వాణ్ణి నడిపించుకుంటూ తీసుకెళ్ళారు. హాల్వర్సన్ పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ ఇన్నింగ్స్ అయ్యేలోపు వెళ్ళిపోయాడు.

మిగిలిన ఆట నేనొక్కణ్ణే ప్లేటు వెనక నిలబడి ఆడించాను. ఎలా ఆడించానో అడక్కండి. రెండు జట్లూ కలిసి నన్ను తిట్టాయి, తిట్టనీ. వాడి మాటే చెవుల్లో గింగిరాలు తిరుగుతోంది. ఓర్వలేక చేశానా? హాల్వర్సన్ వస్తున్నాడని ఉత్తరం వచ్చిన రోజు వాడి వీపు తట్టాను, బీరు ఇప్పించాను, గదికెళ్ళి గోడకేసి చూస్తూ కూర్చున్నాను. అది అసూయ కాదని ప్రమాణం చెయ్యమంటే చెయ్యలేను. అసూయే అయితే మొదటిసారే ఎందుకు తియ్యలేదు? తియ్యకుండా వదిలేసింది ప్రేమా, తీసేసింది ప్రేమా? ఆ ఆలోచనలో పడి పెరాల్టా జట్టుకు రావలసిన ఒక స్ట్రైకును బాల్ అన్నాను. పెరాల్టా మారు మాట్లాడకుండా బంతి వెనక్కి విసిరాడు.

ఆట అవుతూనే ఆ చెమట చొక్కాతోనే ఆసుపత్రికి వెళ్ళాను. ఎండ ఇంకా కిటికీలోంచి పడుతోంది. జోలీన్ ఫోనులో ఏడవలేదు. వాళ్ళన్నయ్య కారు తీస్తున్నాడని, ఐదు గంటలు పడుతుందని చెప్పి, "హెల్మెట్ పెట్టుకున్నాడా?" అని అడిగింది. లేదన్నాను. ఎందుకు లేదో కూడా చెప్పాను. ఆమె ఫోను పెట్టేసింది.

డాక్టరమ్మ స్కానింగు చూసి లోపల రక్తం కారడం లేదని చెప్పింది. "అడిగిందే అడుగుతుంటాడు. విసుక్కోకండి. చెప్పింది బుర్రలో నిలవడం మొదలైతే గండం గడిచినట్టే" అంది.

కుర్చీలో కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను. ఎమెట్ కళ్ళు తెరిచాడు.

"హాల్వర్సన్ వచ్చాడా?"

"వచ్చాడు."

"ఎలా చేశాను?"

"దెబ్బ తగిలింది. నిన్ను తీసేశారు."

"ఎవరు?"

"నేనే."

చూస్తుండగానే మొహం రంగు మారింది. "నీకు పిలుపు రాలేదని నాకూ రానివ్వవు. ఓర్వలేక చేశావు."

కళ్ళు మూసుకున్నాడు. పది నిమిషాలకు తెరిచాడు. హాల్వర్సన్ వచ్చాడా? అదే ప్రశ్న, అదే జవాబు, అదే తిట్టు, ఒక్క ముక్క తేడా లేదు. మూడోసారీ అంతే. ప్రతిసారీ వాడికి అది కొత్త దెబ్బే. చూస్తూ చూస్తూ మూడుసార్లు కొట్టాను వాణ్ణి.

నాలుగోసారి నావల్ల కాలేదు.

"ఎవరు తీశారు నన్ను?"

"ట్రైనరు."

"నువ్వు అడ్డుపడలేదా?"

"పడ్డాను. వినలేదు."

ఎమెట్ తడుముకుని నా చెయ్యి పట్టుకున్నాడు. "తెలుసు. నువ్వు నన్ను తియ్యనివ్వవు. నువ్వు నా మనిషివి, రాయిస్."

లేచి వరండాలోకి పోయాను. కాఫీ మిషను దాకా వెళ్ళి కాఫీ తీసుకోకుండానే వెనక్కి వచ్చాను, మళ్ళీ వెళ్ళాను. తిట్టినప్పుడు ఇంత బాధ లేదు. పెరాల్టాకు రావలసిన మెచ్చుకోలు అది, నేను దొంగిలించాను. పైగా రేపు తెల్లారేసరికి వాడి బుర్రలో నిలిచేది ఈ అబద్ధమే అయితే? నేను పర్లేదని చెయ్యూపి పంపేసిన ఆ ట్రైనరును బతికినంతకాలం తిట్టుకుంటాడు. నా చెయ్యి పట్టుకుని మరీ తిట్టుకుంటాడు.

లోపలికి వెళ్ళి కుర్చీని మంచానికి దగ్గరగా లాక్కుని కూర్చున్నాను. ఎమెట్ కళ్ళు తెరిచాడు.

"హాల్వర్సన్..." అని ఆగాడు.

"వచ్చాడు. నీకు దెబ్బ తగిలింది, తీసేశాం. ట్రైనరు కాదు, నేనే తీశాను. మొదటిసారే తియ్యాల్సింది, నువ్వు బోర్డు చూసి చెప్తున్నావని తెలిసీ వదిలేశాను. ఆ హెల్మెట్ మాన్పించిందీ నేనే."

తిట్టుకు సిద్ధపడ్డాను. రాలేదు. నుదురు ముడేసి చాలాసేపు నా మొహంలోకి చూశాడు. ఆ మధ్యాహ్నం మొదలయ్యాక వాడు నన్ను అలా నేరుగా చూడడం అదే మొదలు.

"నువ్వే తీశానని ఇందాక కూడా చెప్పావు" అన్నాడు.

"చెప్పాను."

"మళ్ళీ కాదన్నావు. ట్రైనరన్నావు."

"అన్నాను."

గంట నొక్కాను. నర్సు వచ్చి, సంగతి విని, వాడి కళ్ళలోకి లైటు వేసి చూసి, "గుర్తుంటున్నాయంటే మంచి వార్తే" అంది. అవునండీ, చాలా మంచి వార్త అన్నాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నిజంగానే సంతోషంతో.

ఎమెట్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. జోలీన్ వచ్చేదాకా ఆ పక్కనే కూర్చున్నాను. నన్ను మళ్ళీ ఏమీ అడగలేదు.