బామ్మ మాట ఆపిన వేళ

ఆ హాస్య సీరియల్‌కి పాతికేళ్లు నిండుతున్నాయి. కథలోని బామ్మా తాతయ్యల పెళ్లిరోజును స్టూడియోలో జనం ఎదుట, ప్రత్యక్ష ప్రసారంగా జరపాలని టీవీవాళ్లు నిశ్చయించారు. ఆ భారం దర్శకురాలి నెత్తిన పడింది. చిన్నతనంలో ముద్ద నోట్లో పెట్టుకుని, నమలడం మరిచిపోయి ఆ సీరియల్ చూసిన పిల్ల ఆమె.

అందులో నవ్వంతా ఒకచోటే పుట్టేది. బామ్మ నోరు తెరిస్తే ఆగదు. తాతయ్య ఏదో అనబోతాడు, సందు దొరకదు. తెరిచిన నోరు మెల్లగా మూసుకుంటూ ఆయన పెట్టే మొహం చూసి ఇంటిల్లిపాదీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు.

తీరా వేడుక దగ్గరపడ్డాక, తాతయ్య వేషం వేసే నటుడికి పక్షవాతం వచ్చింది. గండం గడిచింది గానీ కుడిచెయ్యి పట్టు తప్పింది, మాట పడిపోయింది.

“తాతయ్య ఊరెళ్లాడని చెప్పేద్దాం,” అన్నాడు నిర్మాత.

బామ్మ వేషం వేసే నటి గయ్యిమంది. “పెళ్లిరోజు పూట మొగుణ్ని ఊరు తోలేస్తానా? ఇన్నేళ్లుగా ఆయన్ని నేను నోరెత్తనిచ్చానా? ఇప్పుడు మాట్లాడకపోతే తేడా ఎవరికి తెలుస్తుందయ్యా!”

దర్శకురాలు ఆ నటుడి ఇంటికి వెళ్లింది. ఆయన కూతురు తలుపు దగ్గరే గొంతు తగ్గించి, “మంచినీళ్లు కావాలని కూడా అనలేకపోతున్నారండీ. అంతమందిలో నవ్వులపాలైతే?” అంది. లోపల కుర్చీలో ఉన్న పెద్దాయన అంతా విన్నాడు. ఎడమచేత్తో మాసిన గడ్డం తడుముకుని, గడ్డం గీయించమని కూతురికి సైగ చేశాడు. అదే ఆయన ఒప్పుకోలు.

ప్రసారం మొదలైంది. దర్శకురాలు హాలు పైనున్న అద్దాలగదిలో, కెమెరా దృశ్యాలు చూపే తెరల ముందు కూర్చుంది. బామ్మ మాత్రం చుట్టాలనీ, పక్కింటివాళ్లనీ, చివరికి కేకునీ వదలకుండా వాయించేస్తోంది. తాతయ్య పక్కన కూర్చుని కళ్లతోనే జవాబులిస్తున్నాడు. హాలంతా నవ్వులు.

కేకు కోసే ఘట్టం వచ్చింది. అలవాటు కొద్దీ ఆయన కుడిచెయ్యి చాచాడు. కత్తి జారి ఖంగుమని కింద పడింది. నవ్వులు ఠక్కున ఆగాయి.

బామ్మ రెప్ప కూడా వేయలేదు. “చూశారా! నాతో యుద్ధం వద్దని తాళి కట్టిన రోజే కత్తి కింద పెట్టేశారీయన. అది నేను చెబితే మీరు నమ్మరని మళ్లీ పెట్టి చూపించారు!”

హాలు ఒక్కసారిగా పగలబడి నవ్వింది. ఆయనా నవ్వాడు, వంకరపోయిన మూతితోనే. ఆమె కత్తి తీసి తుడిచి, ఆయన చేతిమీద తన చెయ్యి వేసి కేకు కోయించింది.

అప్పుడాయన పెదవులు కదిలాయి. రాసుకున్న సన్నివేశంలో ఆయనకు మాటే లేదు. బామ్మ గమనించింది, చెబుతున్న వాక్యాన్ని సగంలో వదిలేసింది. పాతికేళ్లలో ఆమె అలా ఆగడం ఎవరూ చూడలేదు.

“ప్రకటన వేసేద్దామా, మేడమ్?” పక్కనున్న సహాయకుడు కంగారుపడ్డాడు.

“వద్దు. ఆయన మొహం మీదే ఉంచు.”

బామ్మ చేతులు కట్టుకుని, బడిపిల్లలా ఎదురుచూసింది. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఒక్కో అక్షరాన్నీ బరువు ఎత్తినట్టు ఎత్తాడు.

“ను... వ్వు... చెప్పు.”

అని, నోరు మెల్లగా మూసుకుని, ఆ పాత మొహం పెట్టాడు.

జనం లేచి నిలబడి నవ్వారు, చప్పట్లు కొట్టారు, కళ్లు తుడుచుకున్నారు. అద్దాలగదిలో దర్శకురాలి పనీ అదే అయింది. మాట పోయినా సమయం చూసి మాట వేసే నేర్పు పోలేదే ఈ మహానుభావుడికి, అనుకుంది.

ప్రసారం ముగిశాక మేకప్ గదిలో కూతురు ఆయన్ని పట్టుకుని ఏడ్చేసింది. “జబ్బు చేశాక ఇదే మొదటి మాట, నాన్నా!”

“దాచుకుని దాచుకుని నా పెళ్లిరోజుకి తెచ్చాడు, పిసినారి,” అని కొంగుతో ముక్కు తుడుచుకుంది నటి.

ఆ తర్వాత పెద్దాయన వారానికోసారి స్టూడియోకి వచ్చాడు. ఎపిసోడ్‌కి ఒక్క మాటే చెప్పేవాడు. ఆ మాట నేను రాస్తానంటే నేను రాస్తానని రచయితలు కొట్టుకునేవారు.