అల్లప్పచ్చడిలో ఉప్పు

ఆ రోజు అల్లప్పచ్చడిలో ఉప్పు సరిగ్గా ఉంది. కిరీటి ఎక్కువైందన్నాడు. అది అబద్ధం.

ఈ మంచుదేశంలో ఏజాక్స్ అనే ఊళ్లో ఈ ఇల్లు మా అమ్మాయి చంద్రికది. నా భార్య జానకమ్మ పోయాక నేను ఇక్కడే ఉంటున్నాను. ఆ ఏడు మా వీధిలో బేస్‌మెంటున్న ప్రతి ఇంట్లోనూ చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలే దిగారు. మా కిందా నలుగురు. కిరీటి, అచ్యుత్, అమృత కంప్యూటర్ చదువులు. చాందినిది సినిమా చదువు. నేను ఊరి బడిలో చదివినవాణ్ని. అలాంటి చదువొకటి ఉంటుందని ఆ పిల్ల వచ్చాకే తెలిసింది.

వాళ్లంటే నాకు పడేది కాదు. మెట్ల మీద పరిగెత్తుతారు. తలుపు విసిరి వేస్తారు. ఊరికే నవ్వుతారు.

ఒక శనివారం పొద్దున చాందిని పైకి వచ్చింది.

"అంకుల్, మీ కిచెన్ కావాలి. మీరు కూడా కావాలి."

"దేనికి?"

"ఫైనల్ అసైన్‌మెంట్. పాతకాలం హాలీవుడ్ డైరెక్టర్ గ్రాంట్లీ అని ఒకాయన. ఆయన పద్ధతిలో ఒక సీన్ తీయాలి. సోమవారం సబ్మిట్ చేయాలి. ఫెయిలైతే సెమిస్టర్ మొత్తం రిపీట్ చేయాలంకుల్."

"వంట సినిమాలు తీసేవాడా?"

"తిండి సినిమాలు," అంది.

ఆమె చెప్పింది రాస్తాను. ఆ మనిషి పని తెలిసినవాడు. మూగ సినిమాల రోజుల్లో స్టూడియోలో వడ్రంగి. తను చేసిన బల్లల మీద మైనపు పళ్లు, అట్ట కోడి పెట్టుకుని నటులు ఫోర్కులు ఆడిస్తుంటే చూడలేకపోయేవాడు. డైరెక్టరయ్యాక ముందు ఆ మైనపు పళ్లన్నీ బయట పారేయించాడు. ఆయన ప్రతి సినిమాలోనూ ఒక భోజనం ఉంటుంది. అది తీసే రోజు నటులకి కాఫీ తప్ప ఏమీ పెట్టడు. ఏడుపు నేర్పవచ్చు, నవ్వు నేర్పవచ్చు, ఆకలితో తినే మొదటి ముద్ద మాత్రం ఎవరికీ నేర్పలేమనేవాడు. ఖర్చెక్కువని ఒక స్టూడియో తీసేస్తే ఇంకో స్టూడియోకి వెళ్లి అదే పని చేశాడు. చివర్లో ఎవరూ సినిమా ఇవ్వకపోతే మళ్లీ బల్లలు చేసుకున్నాడు. ఎవరికీ వంగలేదు.

"సీనేమిటి?" అన్నాను.

"ఒక పెద్దాయన ఇంటికి పిలవనివాళ్లు ఇద్దరు వస్తారు. బల్ల దగ్గర కూర్చుంటారు. ఆయన వాళ్లతో కలిసి తింటాడు. అంతే."

"వండుతాను. తినను."

జానకమ్మ పోయాక నేను ఎవరి ఎదుటా కూర్చుని తినలేదు. పొయ్యి దగ్గర నిలబడి తింటాను. చంద్రిక అడగడం మానేసింది.

"ప్లీజంకుల్. తెల్లజుట్టుతో ఇంత కోపంగా ఉండేవాళ్లు నాకింకెవరూ తెలీదు."

ఒప్పుకున్నాను. వంగనివాడి పని చెడిపోకూడదని ఒప్పుకున్నాను.

ఆదివారం పెసరట్లు పోశాను. కిరీటి, అమృత ముందురోజు రాత్రి నుంచీ ఏమీ తినలేదు. కిరీటి పొయ్యి పక్కనే నిలబడ్డాడు.

"అంకుల్, నేను చచ్చిపోతే నన్ను వరంగల్ పంపుండ్రి. పెసరట్టు చేతిలో పెట్టి పంపుండ్రి."

"వాసన పీల్చకు," అంది అమృత. "అదీ తిన్నట్టే."

అచ్యుత్ ఫోను పట్టుకున్నాడు. చాందిని యాక్షన్ అంది. ఆ ఇద్దరూ తిన్నారు. కిరీటికి నాలుక కాలింది, అయినా ఆపలేదు. నేను ముక్క తుంచాను, పచ్చడి అద్దాను, నోటి దాకా తీసుకెళ్లి దించేశాను.

"కట్. అంకుల్, మీరు ఫోర్కు ఆడించారు."

"నా దగ్గర ఫోర్కు లేదు."

"చేత్తోనే ఆడించారు."

బల్ల మీద మైనపు పండు నేనే.

పిండి ఇంకో నాలుగు అట్లకే ఉంది. ఆ ఇద్దరికీ సగం కడుపు నిండింది. చాందిని ముఖం వాడిపోయింది. కిరీటి ఉన్నట్టుండి లేచి, "ఆకలి తెచ్చుకుంటం ఆగు!" అని చెప్పులతోనే మంచులోకి పరిగెత్తాడు. అమృత వెనకే. ఇంటి చుట్టూ తిరుగుతుంటే పక్కింటి కుక్క వాళ్లతో పోటీపడి మొరిగింది. నేను కిటికీలోంచి చూస్తూ మిగతా అట్లు పోశాను. చాందిని గుమ్మం దగ్గర కిరీటి చెవిలో ఏదో చెప్పింది.

మళ్లీ యాక్షన్. కిరీటి ఒక ముక్క తిని ముఖం ముడిచాడు.

"అంకుల్, అట్టు సూపర్. పచ్చట్లనే ఉప్పు ఎక్కువైంది."

ఆ పచ్చడి జానకమ్మది. అల్లం, చింతపండు, బెల్లం, అన్నీ ఆమె పాళ్లే. ఆమె పచ్చట్లో ఉప్పు మాట ఇంతవరకు ఎవడూ ఎత్తలేదు.

"నీ నాలుక కాలింది."

"లేదంకుల్. అమృతా, నువ్వు చెప్పు."

"కొంచెం..." అంది ఆ పిల్ల.

"కొంచెమా!"

ముక్క తుంచి పచ్చడి అద్ది నోట్లో పెట్టుకున్నాను. సరిగ్గా ఉంది. ఇంకో ముక్క తిన్నాను. సరిగ్గానే ఉంది.

"ఎక్కడరా ఎక్కువైంది?"

"ఆ మూలకంకుల్."

"పచ్చడికి మూలేమిట్రా వెధవా!"

నోటినిండా పెట్టుకుని అరిచాను. ముక్క ఎగిరి వాడి గడ్డం మీద పడింది. అమృత నవ్వింది. నవ్వి పొలమారింది. నేను ఎడమ చేత్తో ఆమె నెత్తి తడుతూ, కుడిచేత్తో తింటూ, వాణ్ని తిడుతూ ఉన్నాను. నాకూ నవ్వొచ్చింది. ఆపుదామనుకున్నాను. ఆగలేదు. చూసేసరికి ప్లేటు ఖాళీ.

కట్ అని ఎవరూ అనలేదు. చాందిని నోట్లో పెసరట్టు ఉంది. అచ్యుత్ ఒక చేత్తో ఫోను పట్టుకుని రెండో చేత్తో తింటున్నాడు.

"గ్రాంట్లీ నటులకి ఏం చెయ్యాలో చెప్పేవాడు కాదంకుల్," అంది చాందిని, నోరు తుడుచుకుని. "వాళ్లకి పడని మాట ఒకటి ఎవరిచేతో అనిపించేవాడు. అంతే."

చాందిని పాసైంది. ఆ నటుణ్ని ఎక్కడ పట్టావని వాళ్ల మేష్టరు అడిగాడట. ఇప్పుడు ప్రతి ఆదివారం నలుగురూ పిలవకుండానే పైకొచ్చి బల్ల దగ్గర కూర్చుంటున్నారు. చంద్రిక కూర్చుంటుంది. నేనూ కూర్చుంటాను. ముందు నా ప్లేటే ఖాళీ అవుతోందని చంద్రిక అంటుంది.

ఉప్పు మాట ఎవరు నేర్పితేనేం, అన్నవాడు కిరీటి. ఉప్పు సరిగ్గా ఉందని వాడు ఇవాళ్టిదాకా ఒప్పుకోలేదు. నేను క్షమించలేదు. ఆ ఉప్పు గురించి ఇక ఎవరడిగినా మాట్లాడను.