మోకాళ్ల దగ్గర అరగని గౌన్లు

నన్ను దేవుడి దగ్గర దిగబెట్టిన నా భార్య, అంతకు ఏడాది ముందే అక్కణ్ణించి జారుకుంది. ఇది అనుమానం కాదు. రుజువుంది. ఆ రుజువు నా చేత్తో నేనే కుట్టాను.

నేను దర్జీని. చదువు ఊరి బడి వరకే. అయిదో తరగతిలో నేను చెయ్యని తప్పుకి పంతులు కొడితే మానేశాను. ముప్పై ఏళ్ల తర్వాత ఆయన పోయాడని కబురొచ్చింది. అప్పుడూ వెళ్లలేదు.

నాకొక అలవాటుంది. ఏ బట్ట కుట్టినా లోపలి మడతలో ఆ ఏడాదికని పెట్టుకున్న రంగు దారంతో మూడు కుట్లు వేస్తాను. నాలుగేళ్ల నాటి చొక్కా పట్టుకొచ్చి మొన్ననే కుట్టించానని బుకాయించేవాళ్ల ముందు ఆ మడత తిప్పి చూపిస్తాను. నోరు మూసుకుని పోతారు.

నా భార్య భక్తురాలు. పెళ్లయిన మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే పక్కగదిలోకి వెళ్లి, తలుపేసుకుని, అరగంట మోకరించేది. నేను వెటకారం చేసేవాణ్ణి. మీ దేవుడు కొలతలివ్వడు, మధ్యలో వేసుకు చూడడానికి రాడు, అంతా అయ్యాక బాగాలేదంటాడు, అలాంటి బేరాన్ని నా కొట్టు గుమ్మం తొక్కనివ్వను అనేవాణ్ణి. ఆమె ఇంట్లో వేసుకునే గౌన్లన్నీ నేనే కుట్టేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి మోకాళ్ల దగ్గర రెండు చోట్ల అరచెయ్యంత మేర బట్ట పలచబడేది. లోపలి నుంచి ముక్క వేసి, నీ దేవుడు నాకు పని పెడుతున్నాడు అని విసిరేసేవాణ్ణి. ముప్పై ఎనిమిదేళ్లు ఇదే వరస.

రెండేళ్ల కిందట ఆమెకి జబ్బు చేసింది. డాక్టరు కాగితాలు చూసి, నా మొహం చూడలేక గోడతో మాట్లాడాడు. ఆ వారం ఒక గుడ్డ వంకరగా కత్తిరించాను, జన్మలో మొదటిసారి. మర్నాడు పొద్దున ఆమె గది గుమ్మంలో నిలబడి, నాకూ నేర్పమన్నాను.

ఆమె కిటికీ వైపు నుంచి నా వైపు తిరిగింది.

"ఇప్పుడెందుకండీ?"

"నేర్పుతావా, నేర్పవా?"

నేర్పింది. తను పీట మీద కూర్చుని, నన్ను మోకరించమని, ఏ మాట తర్వాత ఏ మాటో చెప్పింది. తప్పితే దిద్దింది. మాటలు వచ్చాక మాత్రం ఒక నియమం పెట్టింది. ఒకరి ప్రార్థన ఒకరు చూడకూడదు, ముందు తను, తర్వాత నేను. సరే అన్నాను. ఆమె వెళ్లే ప్రార్థన మందిరంలో అందరి ముందూ నిలబడి వాళ్లలో చేరాను. అప్పటిదాకా నన్ను చూస్తే సందు మారిపోయేవాళ్లు వచ్చి కౌగిలించుకున్నారు. మందిరం పెద్ద కళ్లు తుడుచుకున్నాడు. ఆయన పాదాల దాకా వేసుకునే అంగీలు కుట్టేది నేనే. ఉపవాసం గురించి ఆయన చెప్తుంటే రాళ్లు కరుగుతాయి. నడుము దగ్గర మూడుసార్లు కుట్లు విప్పి వదులు చేశాను.

మరో ఏడాదికి ఆమె పోయింది. నేను మోకరించడం మానలేదు. ఆమె నమ్మింది కాబట్టి నమ్మాను. నాకు వేరే కారణం లేదు.

ఆమె పోయి ఏడాది నిండే రోజున మందిరంలో సభ పెట్టారు. ఆమె భక్తి గురించి నేను మాట్లాడాలన్నారు. దానికి రెండు రోజుల ముందు ఆమె చెల్లెలు, మా మరదలు, బీరువా సర్దడానికి వచ్చింది. ఎవరికి ఏది ఇవ్వాలో నేను ఏరుతున్నాను. ఎర్రదారం గౌను, మోకాళ్ల దగ్గర పలచన. నీలం దారం, అదీ పలచన. ఆకుపచ్చ దారం, మూడేళ్ల కిందటిది, మోకాళ్లు కుట్టిన రోజున ఉన్నట్టే ఉన్నాయి. ఆ తర్వాతి పసుపు దారమూ అంతే. ముక్క వెయ్యమని ఈ రెండూ నా దగ్గరికి రానేలేదని అప్పుడు తట్టింది. తిరగేసి చూశాను. కూర్చునే చోట బట్ట అరిగి నున్నగా మెరుస్తోంది. భక్తి మోకాళ్లు వదిలేసి పిర్రల కిందకి చేరింది.

మోకాళ్ల నొప్పులేమో అనుకున్నాను. కానీ మంచాన పడేదాకా ఆమె మేడమెట్లు రోజుకి ఇరవైసార్లు ఎక్కి దిగింది. ఆకుపచ్చ దారం గౌను మరదలి ముందు పడేసి, ఇదేమిటని అడిగాను. ఆ మనిషికి నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటిది తలెత్తకుండా దుప్పటి మడతపెడుతూ కూర్చుంది.

"నీ కళ్లు కాలిపోనూ, బావా," అంది చివరికి. "పెళ్లాం పోయినా నీకు కుట్లే కనపడతాయా?"

"చెప్పు."

చెప్పింది. ఒకరోజు మోకాలు పట్టేస్తే అక్క పీట మీద కూర్చుందట. కాసేపటికి తలెత్తి చూస్తే కిటికీ ఉందట, గోడ ఉందట, తనుందట. ఇంకెవరూ లేరట. ఏడుపేమీ రాలేదట. రెండు రోజుల్లో మోకాలు నెమ్మదించింది కానీ మళ్లీ మోకరించలేదట.

"మరి రోజూ తలుపేసుకుని ఏం చేసింది?"

"వీధి చూసుకుంది. ఆ ఇంట్లో నీ గొంతు వినపడని అరగంట అదొక్కటే కదా. దేవుడు పోతే పోయాడు, అరగంట కూడా పోగొట్టుకోమంటావా?"

నాకు ఒళ్లు మండింది. మరి నాకెందుకు నేర్పింది, నన్ను కోతిని చేసి ఆడించిందా అన్నాను.

మరదలు దుప్పటి పక్కన పెట్టింది.

"నేనూ అడిగాను. ఆయన మొదటిసారి నన్ను అరవకుండా ఒకటి అడిగారే, లేదని ఎలా చెప్పనూ అంది. భయపడ్డవాడి చేతిలోంచి కర్ర లాక్కోకూడదంది."

జాలిపడిందన్నమాట. ముప్పై ఎనిమిదేళ్లు వాదించి నేను గెలిచాను, గెలిచానని నాకు చెప్పకుండా పోయింది. చెప్పి ఉంటే రెండో పీట నేనే తెచ్చుకునేవాణ్ణి. నోరు మూసుకుని ఆ కిటికీ దగ్గర కూర్చునేవాణ్ణి. కూర్చోలేనని తనే తీర్మానించేసుకుంది.

సభకి ఆ గౌను సంచిలో పెట్టుకుని వెళ్లాను. చూపించాలనే వెళ్లాను. మరదలు ముందు వరసలో కూర్చుని సంచి వంకే చూస్తోంది. ఆ తల్లి మోకాళ్ల మీదే బతికింది అని మందిరం పెద్ద మొదలుపెట్టాడు. జనం నిట్టూర్చారు. తర్వాత నన్ను లేపారు.

సంచిలో చెయ్యి పెట్టాను. ఎదురుగా పెద్ద కూర్చుని ఉన్నాడు. ఆయన అంగీ నాలుగేళ్ల కిందట కుట్టింది. మోకాళ్ల దగ్గర ఒక్క నూలుపోగు కదల్లేదు. నేను అటు చూడడం ఆయన చూశాడు. ఒళ్లోని పుస్తకం మోకాళ్ల మీదికి జరుపుకున్నాడు.

వీళ్లకా నేను చూపించేది?

"ఆమె సంగతి నాకు తెలుసు," అన్నాను. "మీకు చెప్పను."

కూర్చున్నాను. దుఃఖంతో కూర్చుండిపోయాననుకున్నారు. వెనక ఎవరో ఏడ్చారు. బయటికొచ్చాక మరదలు నా చెయ్యి పట్టుకుని, అక్కని క్షమించావు బావా అంది. క్షమించలేదు. అది నాకు చెప్పాల్సిన మాట. నాకే చెప్పనిది ఊరందరికీ ఎందుకు?

మర్నాడు పొద్దున ఆ గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను. అరగంట ఉన్నాను. ఇప్పటికీ రోజూ వెళ్తున్నాను. మోకరిస్తున్నానో, పీట మీద కూర్చుంటున్నానో నా ఇష్టం. నా ప్యాంట్లు నేనే కుట్టుకుంటాను, వాటికి ఏడాది దారం వెయ్యను. మరదలు రెండుసార్లు అడిగింది. రెండోసారి అడిగాక మా ఇంటికి రావద్దన్నాను. ఎవరడిగినా అదే జవాబు. ఈ సంగతి మళ్లీ నా నోట రాదు.